మైకులో చెప్పుకోలేని కష్టాలు: మన పాస్టర్ గార్లకి, సంఘ పెద్దలకి ఒక బహిరంగ లేఖ

ప్రియమైన పాస్టర్ గార్లకి, సంఘ పెద్దలకి, స్త్రీల మైత్రి నడిపించే అమ్మగార్లకి, యూత్ లీడర్లకి, ప్రభువు పేరట వందనాలు.

నేను గుంటూరు జిల్లాలో ఒక సంఘ సభ్యురాలిని, స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను, కొంతకాలం మానసిక రోగుల వార్డులో కూడా డ్యూటీ చేశాను. ఈ ఉత్తరం ఏదో ఒక్క డినామినేషన్ కోసం రాయట్లేదు, సీఎస్ఐ అయినా లూథరన్ అయినా బాప్టిస్టు అయినా పెంతెకోస్తు అయినా మొన్న మొన్న షెడ్డులో మొదలైన ఇండిపెండెంట్ సంఘమైనా అందరికీ కలిపే రాస్తున్నా, ఎందుకంటే బెడ్ పక్కన తలగడ కింద బైబిల్ పెట్టుకుని కూర్చునే అమ్మల్ని అన్ని సంఘాల వాళ్లనీ చూశాను. వాళ్లలో చాలామంది నా మెళ్లో సిలువ చూసి ముందు సంతోషపడతారు, ఆ వెంటనే చెయ్యి పట్టుకుని అడిగేది ఒకటే, "సిస్టర్, మా సంఘంలో మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి". బంధువులకి తెలియకూడదు అంటే అర్థం చేసుకోవచ్చు, పిల్లల సంబంధాల భయం ఉంటుంది. కానీ ఒకని భారములనొకడు భరించమని గలతీ పత్రికలో చదువుకునే మనం, అన్నా అక్కా అని పిలుచుకునే మనం, ఒక మనిషి జీవితంలో అన్నిటికంటే కష్టమైన రోజున అందరికంటే ముందు దాక్కోవాల్సింది మన నుంచేనా? దీని గురించి మీతో మాట్లాడాలనే ఈ ఉత్తరం.

అసలు ఎందుకు దాస్తున్నారో చూద్దాం. మన దగ్గర కష్టం చెప్పుకోడానికి ఉన్న దారులు రెండే, ఒకటి ప్రార్థన మనవి, రెండోది సాక్ష్యం. ప్రార్థన మనవి అంటే చీటీ రాసి ఇస్తాం, అది మైకులో చదువుతారు, "ఫలానా సిస్టర్ గారి కుటుంబంలో సమాధానం కొరకు" అనగానే ఆడవాళ్ల వైపు తలలన్నీ ఆమె వైపు తిరుగుతాయి, గుడి నుంచి ఇంటికెళ్లి అన్నం తినేలోపు ఏం జరిగింది ఏం జరిగింది అని నాలుగు ఫోన్లు, ప్రార్థన వాట్సాప్ గ్రూపులో ఆ పేరు, ఆ గ్రూపులో ఆమె ఆడపడుచు కూడా ఉంటుంది. ఇందులో అందరికీ చెడు ఉద్దేశం ఉందని నేను అనను, చాలామంది నిజంగానే మోకాళ్లేసి ప్రార్థన చేస్తారు. కానీ ఆ అమ్మాయి మళ్లీ జన్మలో చీటీ రాయదు. ఇక సాక్ష్యం అంటే గెలిచినవాళ్లకే. "తాగేవాడిని, దేవుడు విడిపించాడు" అని చెప్పడానికి మైకు ఉంది, "నిన్న రాత్రి మళ్లీ తాగాను, సాయం చేయండి" అని చెప్పడానికి మన సంఘాల్లో ఎక్కడా చోటు లేదు. మళ్లీ పడినవాడు నెమ్మదిగా వెనక బెంచీకి వెళ్తాడు, తర్వాత గేటు దగ్గర నిలబడతాడు, తర్వాత రావడం మానేస్తాడు, మనం "చల్లారిపోయాడు" అంటాం.

నేను అడిగేది ముందు ఇదే. ప్రతి సంఘంలో ఒక మగాయన్ని, ఒకామెని, వీలైతే ఇంకో ఇద్దరిని, కష్టం వినడానికని ఏర్పాటు చేయండి. బాగా కానుకలిచ్చేవాళ్లనో బాగా పాడేవాళ్లనో వద్దు, కమిటీ ఎలక్షన్లలో పోటీపడే వాళ్లని అసలు వద్దు. విన్నది కడుపులో పెట్టుకునే మనుషులు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు, ఊరందరికీ వాళ్లెవరో తెలుసు కూడా. వాళ్లకి ఒక్క కట్టుబాటు పెట్టండి, చెప్పిన మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి పాస్టర్ గారి ఇంట్లో అమ్మగారికి కూడా చెప్పకూడదు. పేరు దేవుడికి చెప్పి ప్రార్థన చేయొచ్చు, మనుషులకి పేరు అవసరం లేదు. ప్రసంగంలో ఉదాహరణగా అయితే ఎప్పటికీ వాడకూడదు, "నా దగ్గరికి ఒక సహోదరి వచ్చింది" అని మొదలుపెట్టి ఊరు మార్చి చెప్పినా సరే, కూర్చున్న వాళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారండి.

అయితే ఈ కట్టుబాటుకి రెండు మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా ముందే ఆ మనిషికి చెప్పాలి. ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో నమ్మకమైన వాళ్లకి చెప్పాల్సిందే. రెండోది పిల్లల మీద లైంగిక దాడి. ఇది కమిటీలో కూర్చుని తేల్చే విషయం కాదు, చేసినవాడు పెద్ద మనిషైనా, సండే స్కూల్ టీచరైనా, పాస్టరైనా. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే అదే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. "సంఘం పరువు" అనే మాట ఇక్కడ నోట్లోంచి రాకూడదు.

ఇక మనసు జబ్బుల సంగతి. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నవాళ్లు పెద్దవాళ్లలో దాదాపు నూటికి పది మంది అని తేలింది, వాళ్లలో ఎక్కువమందికి వైద్యమే అందట్లేదు. ఆ లెక్కన ఆదివారం మీ ముందు 200 మంది పెద్దవాళ్లు కూర్చుంటే అందులో ఓ ఇరవై మంది ఉంటారు. వాళ్లకి మనం ఏం చెబుతున్నాం? విశ్వాసం తక్కువైంది, దాచుకున్న పాపం ఏదో ఉంది, చీకటి ఆత్మ పనిచేస్తుంది. నిద్ర లేక, తిండి సయించక, స్నానానికి లేవడానికే ఓపిక లేని మనిషికి మనం ఇంకో మూడు రోజులు ఉపవాసం చెబుతాం.

ఏలీయా సంగతి ఎన్నిసార్లు ప్రసంగించారో కదా, కర్మెలు కొండ మీద అగ్ని దిగిన ప్రసంగం మాత్రం ఏటా వింటాం, ఆ తర్వాత అధ్యాయం ఎందుకో త్వరగా దాటేస్తారు. అదే ఏలీయా ఒక బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అని అడిగాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, ఆ రోజున ప్రసంగం చేయలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాలో నీళ్లు పంపించాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు, దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించింది అని దూతే ఒప్పుకున్నాడు. ప్రవక్తకే శక్తి చాలని రోజు ఉందని వాక్యమే చెబుతుంటే, మన సంఘంలో డిగ్రీ చదివే పిల్ల ఏడుస్తూ కూర్చుంటే మనకి ఎందుకంత కోపం వస్తుంది? ఎనభై ఎనిమిదో కీర్తన కూడా ఒకసారి ఆరాధనలో చదివించండి, మొదలు నుంచి చివరి దాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే, ఎక్కడా స్తుతితో ముగియదు. అయినా అది బైబిల్లో ఉంది. అలాంటి రోజుల్లో ఉన్నవాళ్లు ఆ కీర్తన గుడిలో వింటే, నాలాంటి వాళ్లకి కూడా ఇక్కడ చోటుంది అని అనుకుంటారు.

మందుల గురించి మాత్రం నర్సుగా గట్టిగా చెబుతున్నా, దయచేసి ఎవరినీ మందులు ఆపమని చెప్పకండి. స్వస్థత కూటంలో తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించండి, నేనూ ఆమెన్ అంటాను, కానీ "నమ్మితే మాత్రలు పారెయ్" అనే మాట వేరు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా వరుసగా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. డిప్రెషన్ మందు అయితే పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోపు "వేసుకున్నా గుణం లేదు, ప్రార్థనకి రా" అంటే పనిచేసే సమయానికి మాత్ర ఉండదు. కుదుటపడ్డాక డాక్టర్ని అడక్కుండా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు ఆ మనిషి "దేవుడు కూడా నన్ను వదిలేశాడు" అనుకుంటుంది, ఆ మాట నేను చెవులారా విన్నాను.

మనకి వైద్యం కొత్త కాదు కదా. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మ 1883లో గుంటూరు వచ్చి ఆడవాళ్లకి వైద్యం చేసింది, ఆ ఆసుపత్రిలో పుట్టిన వాళ్లు మన సంఘాల్లో ఎంతమందో. క్షయ అంటే ఊరు బయట పెట్టే రోజుల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం (క్షయ ఆసుపత్రి) కట్టింది చాలా మిషనులు కలిసే. ఇప్పటికీ గుండె ఆపరేషన్ అంటే కానుకలు పోగుచేసి మరీ వెల్లూరు సీఎంసీకి పంపిస్తాం, అదే వెల్లూరు వాళ్లకి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం కూడా ఉంది, అక్కడికి వెళ్లే మనిషి మాత్రం పరీక్షలకి వెళ్తున్నానని అబద్ధం చెప్పి బస్సెక్కుతుంది. పౌలు గారు లూకాని ప్రియుడైన వైద్యుడు అని పిలిచి పక్కనే పెట్టుకున్నాడు.

ఎక్కడైనా ప్రార్థన మందిరం పేరుతో మనిషిని గొలుసుతో కట్టేస్తుంటే అది ఏ మతం చోటైనా చట్ట విరుద్ధం, 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రకంగానూ గొలుసులు వేయకూడదంది. 2001లో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట అగ్ని ప్రమాదం వచ్చినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు కదల్లేక కాలిపోయారు.

తాగుడు గురించి కూడా ఒక సంగతి చాలామంది పాస్టర్ గార్లకి తెలియదని నా అనుభవం. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు కూటాల్లో కదిలిపోయి, ఈ రోజు నుంచి ముట్టను అని ప్రమాణం చేస్తాడు, అందరం హల్లెలూయా అంటాం, మూడు రోజులు గుడిలోనే ఉంచి ఉపవాసం పెడతారు. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి ఎవరెవరో కనిపిస్తున్నారని, పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు, మనుషుల్ని గుర్తుపట్టడు. అది దయ్యం వదిలేటప్పుడు చేసే గొడవ అనుకుని ఇంకా పట్టుకుని గట్టిగా ప్రార్థిస్తారు. అయ్యా, అది మద్యం ఒక్కసారిగా ఆగినందుకు ఒళ్లు చేసే తిరుగుబాటు, ఆసుపత్రిలో చేర్చకపోతే చచ్చిపోవచ్చు, పైగా ఉపవాసంతో ఇంకా ప్రమాదం. ప్రమాణం చేసిన రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన మంచం పక్కన చేయండి. 14446కి చేస్తే డీ అడిక్షన్ సెంటర్ ఎక్కడుందో చెబుతారు. ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది ఆ మనిషికి నరకం, ఆ మూడు గంటలు పక్కన కూర్చునే స్నేహితుడు కావాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే కూటమి 1935లో అమెరికాలో మొదలైంది, చాలా దేశాల్లో వాళ్లు కూర్చునేది చర్చి గదుల్లోనే. మన సండే స్కూల్ గదులు వారంలో ఆరు రోజులు తాళం వేసే కదా ఉంటాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధగా ఉన్న విషయం. దెబ్బలు తిన్న ఆడపిల్ల పాస్టర్ గారి గుమ్మంలోకి వస్తే ఎక్కువసార్లు జరిగేది, ఇద్దర్నీ కూర్చోబెట్టి, భర్తకి లోబడమని ఎఫెసీ పత్రిక చదివి, ఓర్చుకుంటే దేవుడు మారుస్తాడని చెప్పి, ప్రార్థన చేసి, అదే రాత్రి అదే ఇంటికి పంపించడం. ఇంటికెళ్లాక "పాస్టర్ దగ్గర నా పరువు తీస్తావా" అని రెండింతలు కొడతాడు, నేను కుట్లు వేయించిన వాళ్లే చెప్పారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కలు చూస్తే మన రెండు రాష్ట్రాల్లోనూ పెళ్లైన ఆడవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరు భర్త చేతిలో హింస పడినవాళ్లే. సంఘానికి వచ్చే ఆడవాళ్లు ఈ లెక్కలో లేరని అనుకోడానికి నాకు ఏ ఆధారమూ కనబడట్లేదు. భార్యను పరిత్యజించుట నాకు అసహ్యం అని దేవుడు చెప్పాడని మలాకీ రెండో అధ్యాయం నుంచి చూపిస్తారు కదా, పదహారో వచనం. దయచేసి ఆ వచనం చివరిదాకా చదవండి. అదే వచనంలో, అదే ఊపిరిలో, మనిషి తన వస్త్రాన్ని బలాత్కారంతో నింపుకోవడం కూడా నాకు అసహ్యమే అని ఆయన అన్నాడు. సగం వచనం ఆడపిల్లకి చెప్పి మిగతా సగం మగవాడికి చెప్పకుండా వదిలేస్తే అది వాక్యానికి న్యాయం కాదు.

కొట్టినవాడితో కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టి ఆమెని అడగకండి, భయంతో నిజం చెప్పదు. విడిగా, ఒక ఆడమనిషి దగ్గర చెప్పనివ్వండి. ఈ రాత్రి ఇంటికెళ్తే నీకు భయమా అని అడగండి, భయం అంటే పంపించకండి, అంతే. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, హింస పడిన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్లు జిల్లాల్లో ఉన్నాయి, 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా ఆమెకి ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, నంబరు 15100. కోర్టుకి వెళ్లిన ఆడపిల్లని లోకస్థురాలు అనకండి. మన క్రైస్తవ స్త్రీలు భర్త క్రూరత్వం ఒక్కటే కారణంగా విడాకులు అడగడానికి 1869 నాటి చట్టంలో వీలే లేదు, 2001లో మారిస్తే గానీ రాలేదు, అంతకాలం ఎంతమంది నోరు మూసుకుని బతికారో. కొట్టినవాడు నిజంగా మారాడంటే నాకూ సంతోషమే, కానీ అది ఒక ఆదివారం ఏడ్చినంత మాత్రాన తెలియదు, నెలల మీద తెలుస్తుంది, ఈలోపు అతన్ని స్టేజీ మీద కూర్చోబెట్టి కీబోర్డు వాయించనివ్వకండి. ఆమె కింద కూర్చుని చూస్తుంటుంది.

అప్పుల విషయానికొస్తే మన పెద్దలు మనకంటే బాగా చేశారు. 1876-78 కరువులో ఒంగోలులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు, కూటి కోసం ఎవరూ మతం మారకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా, కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ గుడి కూడా పోస్నెట్ దొరగారు కరువులో జనానికి పని చూపించాలని కట్టించారు, 1924లో ప్రతిష్ఠ జరిగింది. అంత గొప్ప గుడి గోడల్లో అన్నం ఉంది. ఇప్పుడు మన కుర్రాళ్లు లోన్ యాప్‌ల్లో, బెట్టింగుల్లో, మన అమ్మలు వారం వడ్డీల్లో మునిగిపోతుంటే మనం ఎల్ఈడీ స్క్రీన్లకి చందా పోగుచేస్తున్నాం. నేను ప్రతి అప్పూ సంఘం తీర్చమని అనట్లేదు. కానుకల్లో ఇంత అని పక్కన పెట్టండి, మందులకి, ఒక నెల బియ్యానికి, స్కూల్ ఫీజుకి, ఎవరికిచ్చారో ఇద్దరికి తప్ప తెలియకుండా. బ్యాంకులో పనిచేసే సభ్యుడొకరు కూర్చుని ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత, దేన్ని ముందు తీర్చాలి అని కాగితం మీద రాసిపెడితే అదే సగం ఊరట. అన్నవస్త్రాలు లేని సహోదరుణ్ణి సమాధానముగా వెళ్లు అని ఉత్త చేతులతో పంపితే ఏం ప్రయోజనం అని యాకోబు గారు ముందే అడిగారు.

ఆత్మహత్య చేసుకున్న వాళ్ల భూస్థాపన గురించి ఒక్క మనవి. కొన్ని చోట్ల సమాధి ప్రార్థన చేసేది లేదంటారు, కొన్ని చోట్ల పాస్టర్ గారు రాకుండా ఎవరో పెద్దని పంపిస్తారు, ఇంకొన్ని చోట్ల శవం ముందే నరకం గురించి ప్రసంగం. ఆ పెట్టె పక్కన నిలబడ్డ తల్లి ఏం వింటుందో ఒక్కసారి ఆలోచించండి. తీర్పు మీ పని కాదు, నా పని కాదు. మీరు వెళ్లండి. యోబు స్నేహితులు తర్వాత ఎన్ని తప్పులు మాట్లాడినా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా ఉన్నారు, మనం ఆ ఏడు రోజుల వరకు చేస్తే చాలు. నలభయ్యో రోజు కూడిక అయ్యాక అందరూ వెళ్లిపోతారు, అప్పుడు వెళ్లండి, ఆర్నెల్లకి వెళ్లండి. ప్రయత్నించి బతికిన వాళ్లని కేసు అవుతుందని భయపెట్టి దాచకండి, పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య చట్టమే, అలాంటివాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని చెబుతుంది. ఆసుపత్రికి తీసుకురండి.

కువైట్, దుబాయ్ వెళ్లిన అమ్మల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు, వాళ్లని సండే స్కూల్ టీచర్లు కాస్త ఎక్కువ కనిపెట్టుకోండి. అక్కడి తెలుగు సంఘాల్లో ఉన్న పెద్దలు కూడా, శుక్రవారం ఆరాధనకి రాలేకపోతున్న ఇంటిపని అమ్మలకి వారానికి ఒక్క ఫోన్ చేయండి.

చివరిగా పాస్టర్ గార్లతో. ఇదంతా మీ ఒక్కరి నెత్తిన పెట్టాలని కాదు. చిన్న జీతం, అది కూడా సరిగ్గా రాదు, పెళ్లిళ్లు, చావులు, కమిటీ గొడవలు, రాత్రి పన్నెండుకి ఫోన్లు, మీకు నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పుకుంటారు? పాస్టరమ్మ గారికి కూడా స్నేహితురాలు ఉండదు, ఎవరితో మాట్లాడినా ఇంకొకరికి కోపం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో వచ్చి, నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు, పదిమందికో మనిషిని పెట్టు అన్నాడు, మోషే ఆ మాట విన్నాడు. యెరూషలేములో విధవరాళ్లకి అన్నం సరిగ్గా అందట్లేదని సణుగు వస్తే అపొస్తలులు సణిగినవాళ్లని గద్దించలేదు, ఏడుగురు మనుషుల్ని ఏర్పాటు చేశారు. పేరున్న డాక్టర్లు, లాయర్లు, టీచర్లు, నర్సులు మన బెంచీల మీదే ఉన్నారు, మమ్మల్ని స్వాగత ద్వారం దగ్గర దండలు వేయడానికి కాకుండా ఈ పనికి పిలవండి. మీకే మనసు బాగోకపోతే పక్క ఊరి పాస్టర్ గారికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మేము తక్కువగా చూడం.

ఈ నెల కమిటీ మీటింగులో పెయింటింగ్, సౌండ్ సిస్టమ్ విషయాల కంటే ముందు దీన్ని పెట్టండి. ఆ ఇద్దరు మనుషులెవరో ఆ రోజే నిర్ణయించండి. గుడి నోటీసు బోర్డు మీద, ఆడవాళ్ల బాత్రూమ్ తలుపు లోపలి వైపు కూడా, 14416 అని టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు రాయించండి, ఉచితం, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, దాని కిందే 181, 1098, 14446, 15100. వినే పనికి ఏర్పాటైన వాళ్లకి కాస్త నేర్పించాలనుకుంటే గుంటూరు చుట్టుపక్కల ఏ సంఘానికైనా నా సెలవు రోజున నేనే వస్తాను, బస్సు ఛార్జీలు కూడా వద్దు.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా